ఒక్కడే దేవుడన్నవారు యేసుకు ఎందుకు మొక్కారు?

(హనుమకొండలో సండే స్కూలు ఉపాధ్యాయులకు, యువజనులకు జరిగిన బైబిలు అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అయ్యగార్లకు, అమ్మగార్లకు, ఉపాధ్యాయులకు వందనాలు. జనగామ, మహబూబాబాద్, పెద్దపల్లి వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవారున్నారు. మళ్లీ చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అందుకే ఉపోద్ఘాతం పెంచను.

మీరు రాసిచ్చిన చీటీలు చదివాను. అడిగిన తీరు వేరైనా ఎక్కువ చీటీల్లో ఉన్న ప్రశ్న ఒకటే. "అయ్యగారూ, త్రిత్వం ఏ వచనంలో ఉంది? ఒక్క వచనం చూపించండి, చాలు." ఈ ప్రశ్న ఎందుకు పుడుతున్నదో నాకు తెలుసు. త్రిత్వాన్ని ఒప్పుకోని యెహోవా సాక్షులు ఇంటికి వచ్చి అడుగుతారు. కాలేజీలో ముస్లిం మిత్రుడు "మీరు ముగ్గురిని కొలుస్తారు కదా" అంటాడు. యేసు నామ బాప్తిస్మం వారు "తండ్రీ ఆయనే, కుమారుడూ ఆయనే, ఆత్మా ఆయనే, ముగ్గురెక్కడ?" అంటారు. వీరందరికీ చూపించడానికి చేతిలో ఒక వచనం ఉంటే నిశ్చింతగా ఉండవచ్చని మీ ఆశ.

అలాంటి వచనం లేదు. "దేవుడు ఒక్కడే, ఆయన ముగ్గురు వ్యక్తులుగా ఉన్నాడు" అని బైబిలులో ఏ ప్రవక్తా, ఏ అపొస్తలుడూ ఒక వాక్యంగా రాయలేదు. ఈ మాట మనమే ముందు ఒప్పుకుంటే ఎదుటివారితో సగం గొడవ తీరిపోతుంది.

కొందరు అప్పుడే మొదటి యోహాను పత్రిక అయిదో అధ్యాయం తీస్తున్నారు. పాత ఇంగ్లీషు బైబిలులో, 1611 నాటి దానిలో, అక్కడ పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురనీ, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనీ, ఈ ముగ్గురూ ఒక్కటే అనీ ఉంది. మన తెలుగు బైబిలులో వెతకండి. ఆత్మ, నీళ్లు, రక్తం అనే సాక్షులే కనిపిస్తారు. తెలుగు అనువాదకులు ఏదో దాచారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ వాక్యం పాత గ్రీకు చేతిప్రతుల్లో లేదు. ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను 1516లో, 1519లో అచ్చు వేసినప్పుడు దాన్ని చేర్చలేదు. ఒత్తిడి వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. అక్కడినుంచి అది మిగతా ముద్రణల్లోకి పాకింది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం వేరే ఉంది. నాలుగో శతాబ్దంలో ఇదే విషయం మీద అతనాసియస్, నజియాంజస్ గ్రెగరీ వంటి బిషప్పులు ఏళ్ల తరబడి వాదించారు. ఆ ఒక్క వాక్యం చూపించి ఉంటే వాదం ఆ పూటే ముగిసేది. వారు చూపించలేదు, ఎందుకంటే వారి బైబిలులో అది లేదు. వారు వాడని ఆయుధం మనకూ వద్దు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో "మన స్వరూపమందు" అన్న మాటను కూడా కాస్త ఆగి వాడండి. కొత్త నిబంధన చదివి వెనక్కి వచ్చినవారికి ఆ బహువచనం నిండుగా వినిపిస్తుంది, నేను కాదనను. కానీ యూదు పండితులు అక్కడ దేవుడు తన పరలోక సభతో మాట్లాడుతున్నాడని అర్థం చెప్పుకున్నారు. ఆ ఒక్కదాని మీదే మొత్తం బరువు వేస్తే నిలవదు. మమ్రేలో అబ్రాహాము గుడారం దగ్గరికి వచ్చిన ముగ్గురి కథా అంతే.

మరి ఆధారం ఎక్కడుంది? దానికి ముందు ఇంకో పొరపాటు తీసేయాలి. ఇక్కడికి దగ్గర్లోనే వేయిస్తంభాల గుడి ఉంది. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించినది. దాన్ని త్రికూటాలయం అంటారు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగృహాలు, మధ్యలో అందరికీ ఒకే మండపం. ఆ గుడి చూస్తూ పెరిగిన పక్కింటాయన "మీ త్రిత్వం కూడా ఇలాంటిదే కదా" అంటే ఆయన ఎగతాళి చేయడం లేదు, తనకు తెలిసినదానితో పోల్చి చూస్తున్నాడు. మర్యాదగా వినండి. విన్నాక ఇది చెప్పండి. మొదటి క్రైస్తవులు యూదులు. రెండో గర్భగృహం అన్న ఊహనే సహించని జనం వారు. వారి ఆలయంలో అతిపరిశుద్ధ స్థలం ఒక్కటే, అందులో విగ్రహం లేదు. ముగ్గురిని కలిపి ఒక్కటి చేయాల్సిన అవసరం వారికి ఎన్నడూ రాలేదు. వారికి వచ్చిన చిక్కు వేరు.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం, నాలుగో వచనం: "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." భక్తిగల యూదుడు దీన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలుకుతాడు. అన్నిటిలో ముఖ్యమైన ఆజ్ఞ ఏదని శాస్త్రి అడిగితే యేసు కూడా దీనితోనే మొదలుపెట్టాడు, మార్కు పన్నెండో అధ్యాయంలో. ఇలా బతికిన జనం మనిషికి మొక్కరు. దేవదూతకు కూడా మొక్కరు.

దీనికి కొత్త నిబంధనలోనే సాక్ష్యాలున్నాయి. కైసరయలో కొర్నేలీ అనే సైనికాధికారి పేతురు పాదాల మీద పడితే పేతురు లేవనెత్తి "నేనుకూడ నరుడనే" అన్నాడు. లుస్త్రలో పౌలు మాటతో కుంటివాడు నడిచాక జనం ఊగిపోయారు, దేవతలు మనుషుల రూపంలో దిగివచ్చారన్నారు. తోడున్న బర్నబాను తమ పెద్ద దేవుడు ద్యుపతి అన్నారు, ఎక్కువగా మాట్లాడేవాడు కాబట్టి పౌలును దేవతల దూత హెర్మే అన్నారు. పూజారి ఎడ్లనూ పూదండలనూ పట్టుకొచ్చాడు. మనలో ఎవరికైనా శాలువా కప్పి దండ వేస్తామంటే ఎంత సంబరం! ఆ ఇద్దరూ బట్టలు చింపుకొని జనంలోకి పరుగెత్తారు. ప్రకటన గ్రంథంలో యోహాను దేవదూత పాదాల దగ్గర సాగిలపడితే ఆ దూత వద్దని ఆపి, "దేవునికే నమస్కారము చేయుము" అన్నాడు. అపొస్తలుడు వద్దన్నాడు, మిషనరీలు వద్దన్నారు, దేవదూత వద్దన్నాడు.

ఇప్పుడు యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం తీయండి. తోమా యేసును చూసి "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. ఇక్కడ యేసు "ఛీ, అలా అనకు" అనలేదు. నీవు చూచి నమ్మావు, చూడక నమ్మేవారు ధన్యులు అన్నాడు. మత్తయి చివరి అధ్యాయంలో శిష్యులు కొండ మీద మొక్కారు, ఆయన ఆపలేదు. దేవదూతకు మొక్కవద్దన్న ఆ ప్రకటన గ్రంథంలోనే, అయిదో అధ్యాయంలో, సృష్టి అంతా సింహాసనం మీద కూర్చున్నవానికీ గొఱ్ఱెపిల్లకూ, అంటే యేసుకూ, ఒకే స్తోత్రం చేస్తుంది. ఒకే పుస్తకం, ఒకే రచయిత. దూతకు తలుపు మూసి గొఱ్ఱెపిల్లకు తెరిచాడంటే తెలియక చేసింది కాదు.

నన్నడిగితే త్రిత్వానికి బైబిలు ఆధారం ఇదే. ఒక్క దేవునికే మొక్కాలని ప్రాణం పోయినా వదలనివారు, ఆ నియమం వదలకుండానే యేసుకు మొక్కారు. ఎలా సాధ్యమైంది? దీనికి వారు వెతుక్కున్న జవాబు పేరే త్రిత్వం. వారు ముందు మొక్కారు, సిద్ధాంతం తరువాత వచ్చింది.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం మనవారికి మరీ దగ్గరిది. అక్కడ చర్చ దేని గురించి? విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అని. ఇది మన ఊళ్ల ప్రశ్నే. మేడారం జాతరకు వెళ్లివచ్చిన పక్కింటి అమ్మ ప్రేమగా బంగారం పంపిస్తుంది. బంగారం అంటే బెల్లమని మీకు చెప్పనక్కరలేదు. తీసుకోవాలా వద్దా అని మన ఇళ్లలో ఎంత తర్జనభర్జన! ఆ విషయంలో పౌలు ఇచ్చిన సలహా వేరే రోజు చూద్దాం. సలహా ఇస్తూ ఇస్తూ మధ్యలో ఆయన అన్న మాట చూడండి. "మనకు ఒక్కడే దేవుడున్నాడు. ఆయన తండ్రి, ఆయననుండి సమస్తమును కలిగెను" అన్నాడు. వెంటనే "మరియు మనకు ప్రభువు ఒక్కడే, ఆయన యేసుక్రీస్తు, ఆయనద్వారా సమస్తమును కలిగెను" అన్నాడు.

యూదు పిల్లవాడు రోజూ రెండు పూటలా పలికే ఆ ఒప్పుకోలును పౌలు ఇక్కడ విప్పి చూపించాడు. యెహోవా అన్న పేరు గ్రీకులో "ప్రభువు" అనే ఉంటుంది, అద్వితీయుడంటే ఒక్కడే. అలా అందులోని "దేవుడు", "ప్రభువు", "ఒక్కడే" అన్నవన్నీ ఇక్కడ ఉన్నాయి. దేవుడన్న చోట తండ్రిని, ప్రభువన్న చోట యేసును నిలబెట్టాడు. పక్కన రెండో దేవుణ్ణి కూర్చోబెట్టలేదు. విగ్రహాలు వట్టివని, దేవుడు ఒక్కడేనని రుజువు చేస్తున్న చోట రెండో దేవుణ్ణి తెస్తే వాదన అక్కడే కూలిపోతుంది కదా! ఒక్కడైన దేవుని లోపలే యేసు పేరు పలికాడు. అంతేకాదు, సృష్టి ఆయన ద్వారా కలిగిందన్నాడు, అంటే సృష్టించబడినవాటిలో ఆయన్ను లెక్కించలేదు. ఈ పత్రిక రాసింది దాదాపు క్రీ.శ. 55లో. సిలువ జరిగి అటూ ఇటూగా పాతికేళ్లు. పౌలు దీన్ని కొత్త బోధగా నిరూపించడం లేదు, అందరూ ఒప్పుకున్నదాన్ని గుర్తుచేసి భోజనం సంగతి తేలుస్తున్నాడు. అంటే కొరింథులో అది అప్పటికే పాత మాట.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం కూడా ఇలాంటిదే. యెషయా నలభై అయిదో అధ్యాయంలో యెహోవా, నేను తప్ప వేరొక దేవుడు లేడని చెప్పి, ప్రతి మోకాలు తనకే వంగుతుందని తన తోడని ప్రమాణం చేశాడు. పాత నిబంధన అంతటిలో ఒక్కడే దేవుడని ఇంత గట్టిగా చెప్పిన చోట్లు కొన్నే ఉంటాయి. ఫిలిప్పీ పత్రికలో ఏరి ఏరి ఆ వచనాన్నే తెచ్చి యేసు నామమున ప్రతి మోకాలు వంగుతుందన్నారు. దానివల్ల తండ్రికి మహిమ తగ్గలేదు, తండ్రియైన దేవుని మహిమార్థమే అన్నారు.

ఇక కష్టమైన వచనాలు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యోహాను పద్నాలుగులో యేసే అన్నాడు. ఆ దినం గూర్చి కుమారుడికి కూడా తెలియదని మార్కు పదమూడులో ఉంది. వీటిని తప్పించుకు తిరగకండి. ఈ మాటలు అన్నవాడు నిజంగా మనిషి అయినవాడు. ఆకలి వేసినవాడు, నిద్రపోయినవాడు, పంపబడినవాడిగా విధేయత చూపినవాడు. అదే యోహాను సువార్త "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అని (అక్కడ వాక్యము అంటే యేసే) మొదలై తోమా మాటతో శిఖరానికి చేరుతుంది. ఆ రెండిటి మధ్య "నాకంటె గొప్పవాడు" అన్న మాట ఉంది. రెండు కొసలనూ వదిలి మధ్యలోది ఒక్కటే పట్టుకొని లాగడం చదవడం కాదు. మార్కు వచనం మాత్రం ఈ జవాబు తరువాత కూడా కాస్త గుచ్చుకుంటూనే ఉంటుంది. ఉండనివ్వండి.

పరిశుద్ధాత్మ దగ్గరికి వచ్చేసరికి మన సంఘాల్లో అలవాటుగా ఒక పొరపాటు జరుగుతుంది. ఆత్మను శక్తి అంటాం, కరెంటు వచ్చినట్టు వచ్చిందంటాం. కరెంటు దుఃఖపడదు. ఎఫెసీ పత్రిక దేవుని పరిశుద్ధాత్మను దుఃఖపరచవద్దంటుంది. అపొస్తలుల కార్యములు పదమూడో అధ్యాయంలో ఆత్మ, నేను పిలిచిన పని కొరకు బర్నబాను, సౌలును (అంటే పౌలును) నాకు ప్రత్యేకపరచండి అని ఆజ్ఞాపిస్తాడు. యెరూషలేము సభ ఉత్తరంలో "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు, సభలో పక్కన కూర్చున్న పెద్ద గురించి రాసినట్టు! పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకున్న అననీయతో పేతురు, నీవు పరిశుద్ధాత్మను మోసపుచ్చావని ఒక వాక్యంలో, దేవునితోనే అబద్ధమాడావని మరో వాక్యంలో అన్నాడు.

సరే, తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, ఆత్మ దేవుడు, దేవుడు ఒక్కడే. అయితే ఒక్కడే మూడు వేషాలు వేశాడా? మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ముడిపడిన బోధ ఇదే. నీరు, మంచు, ఆవిరి అని సండే స్కూల్లో మనం చెప్పే ఉదాహరణ తెలియకుండానే పిల్లలను అక్కడికే చేరుస్తుంది. ఒకే నీరు ఒకప్పుడు మంచు, ఇంకొకప్పుడు ఆవిరి. మంచు ఆవిరితో మాట్లాడదు. యొర్దాను ఒడ్డున మాత్రం కుమారుడు నీళ్లలోనుంచి పైకి వచ్చాడు, ఆత్మ పావురంలా దిగాడు, ఆకాశంనుంచి "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న స్వరం వచ్చింది. ముగ్గురూ ఒకే ఘడియలో. గెత్సేమనేలో కుమారుడు తండ్రికి ప్రార్థించాడు. వేషాలైతే ఆ కన్నీళ్లు ఎవరి ముందు? మన డోర్నకల్‌లో అజరయ్య బిషప్ కట్టించగా 1939లో ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్ పేరు ఎపిఫనీ, అంటే ప్రభువు ప్రత్యక్షత పండుగ. తూర్పు సంఘాలు జనవరి 6న ఆ పండుగ నాడు జ్ఞాపకం చేసుకునేది ఈ బాప్తిస్మాన్నే. ఆ దారిన వెళ్లినప్పుడు గుర్తుచేసుకోండి.

ఫోనులో తిరిగే వీడియోల గురించి కూడా చెప్పాలి. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకయలో బిషప్పుల సభ పెట్టి యేసును దేవుణ్ణి చేశాడట! 2025తో ఆ సభకు 1700 ఏళ్లు నిండాయి, అందుకే ఈ మాట మళ్లీ జోరందుకుంది. నీకయ నేటి టర్కీలో, బితూనియ ప్రాంతంలోని పట్టణం. అదే బితూనియకు రోమా గవర్నరుగా ఉన్న ప్లినీ, దాదాపు 112లో, అంటే రెండు వందల ఏళ్లకు ముందే, ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి, దేవునికి పాడినట్టు క్రీస్తుకు కీర్తన పాడుతున్నారని అందులో ఉంది. ప్లినీ మనవాడు కాదు, మనవారిని శిక్షించినవాడు.

సభలో జరిగిన గొడవ వేరు. కుమారుడు మొదట సృష్టించబడినవాడని, ఆయన లేని కాలం ఒకటి ఉండేదని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద ఆరియస్ బోధించాడు. సృష్టించబడినవానికి మొక్కితే అది విగ్రహారాధన కాదా అన్నది ఎదుటివారి ప్రశ్న. సభ ఆరియస్ బోధను తోసివేసింది. ఆ తరువాత చక్రవర్తులంతా త్రిత్వాన్ని కత్తితో రుద్దారనుకుంటే చరిత్ర ఒప్పుకోదు. కాన్‌స్టంటైన్‌కు 337లో మరణపడక మీద బాప్తిస్మమిచ్చిన నికొమీడియా బిషప్ యుసేబియస్ ఆరియస్ పక్షం వాడు. చక్రవర్తి కుమారుడు కాన్‌స్టాంటియస్ అరియన్లకే కొమ్ముకాశాడు. ఆ సభ రాసిన నీకయ ఒప్పుకోలును పట్టుకున్న అతనాసియస్ అయిదుసార్లు ప్రవాసానికి పోయాడు, పంపినవారు చక్రవర్తులే. 381లో ఆ ఒప్పుకోలును మళ్లీ ఖాయం చేసిన కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా ఈ పోరాటం సాగింది. కేవలం రాజు అండతోనే గెలిచిన సిద్ధాంతమైతే ఇన్ని దెబ్బలు తినేది కాదు.

ఇప్పుడు మీరు చేతులెత్తి అడిగిన ప్రశ్నలు.

యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం తీసుకున్నవారిని ఏమనాలి అని కరీంనగర్ తమ్ముడు అడిగాడు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పేతురు యేసుక్రీస్తు నామమున బాప్తిస్మం పొందండి అన్నాడు, నిజమే. మత్తయి ఇరవై ఎనిమిదిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామములోనికి అని ఉంది. మొదటిది ఎవరికి చెందుతున్నామో చెబుతుంది, రెండోది బాప్తిస్మమిచ్చేటప్పుడు సంఘం పలికిన మాట. మొదటి శతాబ్దం చివరకో రెండో శతాబ్దం మొదటికో చెందిన దిదాఖే అనే చిన్న పుస్తకంలో ముగ్గురి నామమున బాప్తిస్మమివ్వాలని, పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో ఇవ్వాలని, అవీ లేకపోతే తల మీద మూడుసార్లు నీళ్లు పోయాలని ఉంది. వారితో వాదించండి, కానీ పెళ్లి పందిట్లో, చావు ఇంట్లో వద్దు.

ప్రార్థన ఎవరికి చేయాలి అని అక్క అడిగారు. ఎఫెసీ రెండో అధ్యాయం ప్రకారం కుమారుని ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి దగ్గరికి. ఎక్కువగా అదే దారి. కానీ స్తెఫను రాళ్ల దెబ్బల కింద యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొమ్మని నేరుగా ఆయన్నే పిలిచాడు. మీరూ పిలవవచ్చు.

నీరు, మంచు, ఆవిరి వద్దంటే పిల్లలకు ఏం చెప్పాలి? మత్తయి మూడో అధ్యాయం చివరి రెండు వచనాలు గట్టిగా చదివించండి. నీళ్లలో ఉన్నది ఎవరు, మాట్లాడింది ఎవరు, దిగివచ్చింది ఎవరు అని అడగండి. వారే చెబుతారు. తరువాత ద్వితీయోపదేశకాండం ఆరు, నాలుగు కంఠస్థం చేయించండి. రెండూ కలిసేదెలా అని ఎవరైనా తెలివైన పిల్ల అడిగితే, ఆ పిల్లకు కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయం ఇవ్వండి. పన్నెండేళ్లు దాటితే అది చదవగలరు.